ఇరవై నాలుగు క్రేట్లు

పాత బిల్డింగు పడగొట్టే ముందర
పుస్తకాలు మోసేదానికి గోతాలు చాలలేదు.
మండీ సారంగపాణి మొదలారి
తోతాపురి క్రేట్లు నూటా పది పంపించినాడు,
"సీజను లోపల ఇచ్చేయాల మా" అని.
అది పోయిన సీజను కాదు,
దానికి ముందరది కూడా కాదు.

ఎనభై ఆరు ఖాళీ చేసి ఇచ్చినాం.
మిగిలినవి మెట్ల కింద,
ఒకదాని నెత్తిన ఒకటి.
బీరువాలు వస్తే విప్పుదామని.
బీరువాలకు డబ్బు రావాల.
చిత్తూరులో ఇల్లుండే ప్రతి ఒక్కరూ
ఇంటిపన్నుతో పాటు మాకూ కడతానే ఉండారంట.
ఆ పైసలు గాంధీ రోడ్డు దాటి
మా గేటు దాకా నడిచి రావడానికి
ఇన్నేండ్లు పడతాదని
నాకెవురూ చెప్పలేదు.

నేను చేరినప్పుడు
వరదయ్య సారు ఉండేవాడు.
కొత్త పుస్తకం వస్తే ముందు వాసన చూసి
ఆనక నంబరేసేవాడు.
రిటైరయ్యే వారం
రిజిస్టరు తీసి, స్కేలు పెట్టి,
ఎర్ర ఇంకుతో అడ్డగీతలు కొట్టినాడు
ఇంకో పదేండ్లకు సరిపడా.
నలభై ఒక్కవేల రెండువందల పదహారు.
ఆడికి ఆగినాది.
ఆ కింద అన్నీ గీతలే.
ఒక్కోసారి ఊరికే తెరిచి చూస్తాను,
దున్ని పెట్టి విత్తనం వేయని మడి మాదిరి.

జనం రారని అనొద్దు.
ఏడున్నరకే గేటు కాడ చెప్పులు.
కానిస్టేబులు, డీఎస్సీ, గ్రూప్ టూ,
ఎవురి పుస్తకం వాళ్లే తెచ్చుకుంటారు,
ఎవురి నీళ్లు వాళ్లవి.
మా దగ్గర కావాల్సింది కుర్చీ, ఫ్యాను, ప్లగ్గు.
ఒకప్పుడు "ఆ పుస్తకం వచ్చిందా అక్కా" అనేవాళ్లు,
ఇప్పుడు "కరెంటు వచ్చిందా అక్కా" అంటారు.
నేను రెండిటికీ
ఒకే మాదిరి తలూపతాను.

పోయినేడు ఒక గొడవ జరిగింది.
మురకంబట్టు నుంచి వచ్చే షంషాద్
లెక్కలు చేసుకుంటా ఉంటే
పక్కన కుప్పయ్య నాయుడు పేపరు తిప్పినాడు.
పేపరు చప్పుడుకు లెక్క తప్పిందని ఆ పిల్ల,
లైబ్రరీలో పేపరు చదవకూడదా అని ఈయన.
ఇద్దరూ నా మొగం చూసినారు.
గోడ మీద "నిశ్శబ్దం" అని రాసుండాది గానీ
ఎవురి నిశ్శబ్దమో రాయలేదు.

తెల్లారి నుంచి గమనించినాను.
నాయుడు ఒక పేజీ అంతా చదివేసి
చేతులు కట్టుకుని కూర్చుంటాడు.
బయట వేలూరు బస్సు హారన్ కొడతాది,
ఆ మోతలో గబుక్కున తిప్పుకుంటాడు.
బస్సు లేటయిన రోజు
చావు ప్రకటనలే నాలుగుసార్లు చదువుతాడు.
ఈ సంగతి షంషాద్‌కు ఎప్పుడు తెలిసిందో,
ఒకరోజు తల ఎత్తకుండానే
"తిప్పుకో తాతా, బస్సు బ్రేక్‌డౌనంట" అనింది.

ఈ జూన్‌లో మొదలారి తానే వచ్చినాడు.
ఊరంతా గుజ్జు ఫ్యాక్టరీల తీపి వాసన,
చెప్పులకు రసం, చొక్కాకు జీడి మరకలు.
"ఈసారి వదిలేది లేదు మా" అన్నాడు.
మెట్ల కిందికి తీసకపోయినాను.
పై క్రేటు దించి, పుస్తకాలు కింద పరిచేదానికి
న్యూస్‌పేపరు తెస్తామని నేను లోపలికి పోయి
వచ్చేలోపల
ఆయన చేతిలో ఒక తమిళ పుస్తకం.
అట్ట లేదు, మొదటి పదహారు పేజీలూ లేవు.
ఇన్నేండ్లయినా మామిడి వాసన వదల్లేదు దానికి.

"ఇది మా నాయన..." అని ఏమో అనబోయి
ఆపేసినాడు.
క్రేటు బోర్లించి దాని మీదే కూర్చున్నాడు.
లారీ డ్రైవరు రెండుసార్లు వచ్చి
రెండుసార్లు వెనక్కి పోయినాడు.
నేను మెట్ల కాడి లైటు వేసినాను.

సాయంత్రం గేటు మూసేటప్పుడు
విజిటర్ల బుక్కు చూసినాను.
పేరు : సారంగపాణి మొదలారి.
వచ్చిన పని : క్రేట్లు.
వచ్చిన టైము పదీ ఇరవై.
పోయిన టైము కాడ
ఏమీ రాయలేదు.